సంచి పట్టుకెళ్ళిన సారు

సారు పోయారని పోయిన వారం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. గంట తిరిగేసరికి గ్రూపంతా పూలూ, దీపాలూ, దండం పెట్టే చేతులూ. "మా గురువుగారు" అని ఒకరు, "కొండ రైతుకి రూలు నేర్పిన మహానుభావుడు" అని ఇంకొకరు. నేను ఫోను బోర్లించి పెట్టి కాఫీ తాగాను. అబద్ధమెందుకు, ఆ కాఫీ చాలా బాగుంది.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోను. రైతుల కోసం కొత్తగా వేస్తున్న శిక్షణ పుస్తకంలో ఆయన గురించి అరపేజీ రాయమన్నారు. ఆయన దగ్గర ఎక్కువ కాలం పనిచేసింది నేనే, ఇప్పుడు ఆయన కుర్చీలో కూర్చున్నదీ నేనే, కాబట్టి నేనే రాయాలట. సరేనన్నాను. ఇది అరపేజీలో ఇమడదు. వాళ్ళు వేసుకోరు కూడా. అయినా రాస్తున్నాను.

మాది అరకు దాటి లోపలికి వెళ్ళాక వచ్చే కొండ ఊరు. కాఫీ, మిరియం, కింద పల్లంలో కాస్త చోడి, అంటే రాగి. రసాయనాలు తగలని కాఫీ అని సర్టిఫికెట్ ఉంటే మా పండుకి విదేశాల్లో గిరాకీ అని ఒక సంస్థ మా ఊళ్ళని కూడగట్టింది. సర్టిఫికెట్ ఊరంతటికీ కలిపి ఒక్కటే. లిస్టులో పేరెక్కాక మూడేళ్ళు తప్పు లేకుండా గడిస్తేనే మన పండు సంస్థ షెడ్డులో తీసుకుంటారు. ఒక్కరి తప్పు పై తనిఖీలో బయటపడినా ఊరంతా పోతుంది, ముందే పట్టుకుని పేరు కొట్టేస్తే ఆ ఒక్కరే పోతారు. ఆ తప్పులేమిటో మాకు నేర్పడానికి, చేస్తే పట్టుకోవడానికి, రెండింటికీ కలిపి వచ్చినవాడే సారు.

సాలూరులో అద్దెకుండేవాడు. వారానికి రెండు సార్లు జీపులో కొండెక్కేవాడు. నల్ల గొడుగు, చొక్కా జేబులో మూడు పెన్నులు, భుజానికి ప్లాస్కు. నీలం పెన్ను రైతు మాటలు రాయడానికి, ఎరుపు తప్పులు రాయడానికి, ఆకుపచ్చ తన సంతకానికి. నీలం పెన్ను తరచు ఆగిపోయేది, విదిలించి రాసేవాడు. ఎరుపు ఒక్కనాడూ ఆగలేదు.

ప్లాస్కులో టీ ఉండేది. కాఫీ ఎలా పెంచాలో, ఎప్పుడు కొయ్యాలో, ఎలా ఆరబెట్టాలో పదకొండేళ్ళు చెప్పిన మనిషి మా ఊళ్ళో ఒక్క కప్పు కాఫీ తాగలేదు. మా గ్లాసులు ముట్టేవాడు కాదు. ఎవరైనా మొహమాటపెడితే "డాక్టరు వద్దన్నాడమ్మా" అనేవాడు. టీ వద్దనని డాక్టరు కాఫీ ఎందుకు వద్దన్నాడో మాకెవరికీ తెలీదు. అడిగే ధైర్యమూ లేదు.

గొడుగు వానకి కాదు. దాని కొసతో అన్నీ పొడిచి చూసేవాడు. కంపోస్టు గుంత పొడిచేవాడు, చాప కింద పొడిచేవాడు, కోళ్ళ గంప పొడిచేవాడు. ఇంట్లో మనుషులు కూర్చుని ఉన్నా గుమ్మంలోంచే గొడుగు లోపలికి వచ్చేది, ఆయన తరువాత వచ్చేవాడు. క్లాసులో అయితే ముందు వేలిముద్రలు, తరువాత భోజనం పొట్లాలు, అందరికీ నిద్ర ముంచుకొచ్చాక పాఠం. పాఠం చివర గొడుగు నేలకేసి కొట్టి ఒకటే మాట.

"రాయనిది జరగనట్టే! ఏదీ, అందరూ అనండి."

అందరూ అనేవాళ్ళు. మూడుసార్లు అనిపించేవాడు. రాయడం రాని నలభై మంది చేత.

పని మాత్రం వచ్చు. ఆ సంగతి దాచితే నాకే మనసొప్పదు. కాఫీ మొక్క కాండాన్ని వేలితో తట్టి, లోపల తొలిచే పురుగు ఉందో లేదో చెప్పేసేవాడు. నా వేలు పట్టుకుని అదే కాండం మీద తట్టించి "విన్నావా, బోలుగా ఉంది" అని నేర్పాడు. ఈ రోజుకీ నేను ఆ వేలితోనే తడతాను. అదీ నా మంట. నేను అసహ్యించుకున్న మనిషి నా చేతిలోనే ఉండిపోయాడు.

ఇక సంచి సంగతి.

యూరియా ఖాళీ సంచులు మా సంతల్లో అమ్ముతారు. పల్లం నుంచి వచ్చే షావుకార్లు కట్టలు కట్టి తెస్తారు. కొండ మీద ప్రతి ఇంట్లోనూ ఉండేవి. చోళ్ళు పోసుకోవడానికి, పిల్లల్ని కూర్చోబెట్టడానికి, అన్నిటికంటే ముఖ్యం వానకి. సంచి ఒక మూలని రెండో మూలలోకి దోపితే తలకీ వీపుకీ సరిపడా గొడుగయిపోతుంది, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. యూరియా ఎలా ఉంటుందో మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సంచిని మాత్రం గొడుగుగానే ఎరుగును.

యూరియా సంచి ఇంట్లో కనబడకూడదని సారు క్లాసులో చెప్పాడట. అందరూ తలలూపారు. ఆయన జీపు కింద మలుపులో హారను కొట్టగానే ఊళ్ళో సంచులన్నీ అటక మీదకో, పొదల్లోకో పోయేవి. ఆషాఢం వానల్లో ఒక రోజు జీపు వచ్చేసరికి అమ్మ పైన తోటలో ఉంది. హారను విని, వేలిముద్రకి ఆలస్యమైతే ఆయన కోప్పడతాడని పరుగున దిగొచ్చింది. తల మీద సంచితోనే క్లాసులోకి వచ్చి, అందరికంటే ముందు కూర్చుంది.

అప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు. సెలవులకి ఇంటికొచ్చి ఉన్నాను. వెనక నిలబడి చూస్తున్నాను.

సారు దగ్గరికొచ్చాడు. గొడుగు కొసతో అమ్మ తల మీంచి సంచిని పైకి లేపాడు. అలా లేపి పట్టుకునే అందరి వైపూ తిరిగాడు.

"ఏటమ్మా ఇది?"

"సంచి బాబూ."

"ఏ సంచి?"

"అందులో ఏటీ లేదు బాబూ. సంతలో కొన్నాను. వానకి ఏసుకున్నాను, అంతే."

అమ్మ నవ్వుతూనే చెప్పింది. తను తప్పు చేసినట్టు ఆవిడకింకా తెలీదు. సారు ఆ సంచిని వరసగా అందరి ముక్కుల దగ్గరికీ పట్టి వాసన చూడమన్నాడు. తమ ఇళ్ళల్లో అలాంటివి మూడూ నాలుగూ దాచుకున్న మనుషులు, ముక్కు చిట్లించి వాసన చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఎరుపు పెన్నుతో అమ్మ పేరు కొట్టేశాడు. లిస్టులో రెండేళ్ళు నిండి మూడో ఏడు నడుస్తోంది, శీతాకాలం కోతకి మూడేళ్ళూ నిండేవి. మళ్ళీ ఎక్కాలంటే ఊరు ఒప్పుకోవాలి, మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. తరువాత ఆ సంచిని మడిచి, తెల్ల ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మా ఊరి పేరూ అమ్మ పేరూ రాసిన చీటీ కట్టాడు.

"సంచి ఇచ్చెయ్యి బాబూ, వాన తగ్గలేదు," అంది అమ్మ.

"ఇది సాక్ష్యమమ్మా," అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు. అమ్మ తడుస్తూ ఇంటికి నడిచింది.

ఆ శీతాకాలం అమ్మ కోసిన పండు షెడ్డులో తీసుకోలేదు. మోసుకెళ్ళిన బుట్ట మోసుకుని తిరిగొచ్చింది. పండు కోతకి ఆడవాళ్ళు ఒకరి తోటకి ఒకరు సాయం వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ. ఆ ఏడు అమ్మని ఎవరూ పిలవలేదు, అమ్మ తోటకి ఎవరూ రాలేదు. ఆవిడ దురదృష్టం తమకి అంటుకుంటుందని భయం. మేమిద్దరమే కోశాం. అమ్మ కొమ్మలు వంచుతూ ఒకే మాట అనేది: "సంచి ఇవ్వలేదు సూడు."

మూడు నెలల తరువాత జి.మాడుగుల వెళ్ళొచ్చిన మా చిన్నాన్న మా గుమ్మంలో చతికిలబడ్డాడు.

"మీ యమ్మ సంచి అక్కడ సూసానే. సారు కిలాసులో బల్ల మీద ఎట్టాడు. సీటీ సదివి మనూరి పేరు, మీ యమ్మ పేరు అందరికీ సెప్పాడు."

ఆ రోజు నిశ్చయించుకున్నాను. అతన్ని వదలకూడదని. చదువు ఆపి, ఆయన ఆఫీసులోనే సహాయకురాలి ఉద్యోగానికి అర్జీ పెట్టాను. మా భాషలు వచ్చిన మనిషి ఆయనకీ కావాలి. చేర్చుకున్నాడు. మొదటి రోజే నాకు అప్పజెప్పిన పని ఏమిటో తెలుసా? క్లాసులో సంచి పైకెత్తి పట్టుకోవడం.

"రెండు చేతులతోనమ్మా. వెనక వాళ్ళకీ కనబడాలి." నన్ను చూపించి నవ్వేవాడు. "రూలు తెలియని తల్లికి రూలు తెలిసిన కూతురు. ఇదీ మార్పంటే."

రెండేళ్ళు పట్టుకున్నాను. ఏజెన్సీలో ఎన్ని మండలాలుంటే అన్నింట్లోనూ. మా అమ్మ పేరు ఆయన చదివేవాడు, మా అమ్మ సంచి నేను ఎత్తేదాన్ని. కవరు లోపల సంచి చివర చిరిగిన చోట అమ్మ అడవిలో అడ్డాకుల తీగ నారతో కుట్టిన కుట్టు నా బొటనవేలి కింద తగిలేది. ఎత్తిన ప్రతిసారీ మనసులో ఒకటే అనుకునేదాన్ని. ఆగు సారూ, నీ రోజూ వస్తుంది.

వచ్చింది. ఏడాదికోసారి పై నుంచి ఇన్స్పెక్టరు వచ్చి మొత్తం తనిఖీ చేస్తాడు. ప్రతి రైతుకీ ఒక డైరీ ఉండాలి, ఏ రోజు తోటలో ఏ పని చేశాడో అందులో రాసి ఉండాలి. రాయడం రానివాళ్ళు డైరీలు ఎలా రాస్తారు? తనిఖీకి నాలుగు రోజుల ముందు సారే కూర్చుని అందరివీ రాసేసేవాడు, చేతిలో నీలం పెన్ను విదిలిస్తూ. రాయనిది జరగనట్టే కదా. ఆ ఏడు మా ఊరి డైరీలు రాస్తూ నన్నడిగాడు.

"ఎండాకాలంలో కంపోస్టు గుంతలు తిరగేశారు కదా. ఏ తేదీలు వెయ్యమంటావు?"

నేను మూడు తేదీలు చెప్పాను. అవి ఇటుకల పండుగ రోజులు.

చైత్రంలో వచ్చే ఆ పండుగలో మా కొండల్లో ఎవరూ గునపం ముట్టుకోరు. మట్టి కదపరు. మగవాళ్ళు వేటకి పోతారు, ఆడవాళ్ళం దారికడ్డంగా కర్ర పెట్టి వచ్చే బండినల్లా ఆపుతాం. ఆ రోజుల్లో మట్టి తవ్వినవాడు ఊరి దేవతకి కోడి ఇచ్చుకోవాలి. ఏటా సారు జీపునీ ఆ కర్ర దగ్గర ఆపేవాళ్ళం. ఏటా ఆయన హారను మీద చెయ్యి తియ్యకుండా మోగించేవాడు. ఇదేం పండుగ అని అన్నేళ్ళలో ఒక్కసారి అడిగినా నా మాట విని నవ్వేవాడు. అడగలేదు కాబట్టి నలభై డైరీల్లోనూ శ్రద్ధగా ఆ తేదీలు వేశాడు, కింద ఆకుపచ్చ సంతకంతో సహా.

ఈసారి వచ్చే ఇన్స్పెక్టరు కోరాపుట్ వైపు కొండల మనిషని నేను ముందే విన్నాను. వాళ్ళకీ చైత్ర పండుగ ఉంది. అన్నీ చూసుకునే చెప్పాను. ఊరి సంగతి మాత్రం నాకు తట్టలేదు. నిజంగా తట్టలేదు. కళ్ళ ముందు సారు మొహం తప్ప ఇంకేం లేదు.

ఇన్స్పెక్టరు సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. మా ఊరివాళ్ళు ఇచ్చిన కాఫీ రెండు గ్లాసులు తాగాడు. ఒక డైరీ తిరగేసి ఆగాడు. ఇంకోటి తీశాడు. మూడోది తీశాడు. తరువాత ఆదివాసీ ఒరియాలో, మాకూ వాళ్ళకీ సంతల్లో పనికొచ్చే ఆ భాషలో, ఊరి పెద్దని అడిగాడు.

"పండుగ మూడు రోజులూ మీరంతా మట్టి తిరగేశారా?"

సారుకి ఆ భాష రాదు. నా మోచేతిని గొడుగుతో పొడిచి "ఏటంటన్నాడు? ఏటంటన్నాడు?" అన్నాడు. మెడ మీద చెమట. ఆ చెమట కోసం మూడేళ్ళు ఎదురుచూశాను. చూసి ఆనందించాను కూడా, ఒక్క క్షణం. అప్పుడు ఊరి పెద్ద మొహం చూశాను. అవునంటే ఊరంతా పండుగ తప్పినట్టు, కాదంటే డైరీలన్నీ దొంగవి. సర్టిఫికెట్ పోయేది సారుది కాదు, ఊరిది. ఆయన ఇంకో కొండెక్కుతాడు.

వెనక నుంచి అమ్మ లేచింది. లిస్టులో పేరు లేని మనిషి, ఆ సమావేశానికి రానక్కర్లేని మనిషి. ఇన్స్పెక్టరు ముందుకొచ్చి నిలబడింది. ఆ భాషలో ఆవిడన్నది తెలుగులో చెబితే ఇదీ.

"ఊరి గుంతలు మూడూ నేనే తిప్పాను బాబూ. ఈళ్ళందరి పేరునా నేనే. నా పేరు కొట్టేసారు గదా. పేరు లేని మనిసికి పండగేటి?"

ఇన్స్పెక్టరు నమ్మాడని నేననుకోను. డైరీ మూసి ఊరి కాగితం మీద సంతకం పెట్టాడు. "ఏటంటంది మీ అమ్మ?" అని సారు మళ్ళీ పొడిచాడు.

"మిమ్మల్ని కాపాడింది సార్," అన్నాను. "రాసుకోండి."

ఆయన రాసుకోలేదు. జీపెక్కేముందు "ఈసారి అదృష్టం బాగుంది" అన్నాడు, అంతే.

మట్టి తవ్వలేదని ఊరందరికీ తెలుసు. అయినా పెద్ద ఒప్పుకోలేదు. "నోటితో అన్న మాట దేవత ఇన్నాది. కోడి ఇయ్యాల," అన్నాడు. చెయ్యని తప్పుకి మా అమ్మ కోడినిచ్చింది. నేను పెంచిన కోడే. దాన్ని పట్టుకుని వెళ్ళిందీ నేనే. తిరిగొచ్చే దారిలో అమ్మ ఆగింది.

"ఆ తేదీలు నువ్వే సెప్పావు గదే గుంటా?"

నేను ఏడ్చాను.

"ఆడి మీద కోపముంటే ఆడి మీద తీర్సుకో. ఊరినెందుకు తెచ్చి మద్దెలో ఎట్టావు?"

మరుసటి ఏడు ఊరే అడిగి అమ్మ పేరు మళ్ళీ రాయించింది. మొదటి ఏడాది కింద. ఆ సందర్భం చూసుకుని సారుని అడిగాను, ఇక ఆ సంచి ఇచ్చెయ్యమని. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు.

"అది లేకపోతే క్లాసెలా చెప్తానమ్మా?"

ఆ మొహంలో కుళ్ళు లేదు, కక్ష లేదు. మా అమ్మ ఆయనకి గుర్తే లేదు, సంచి మాత్రమే గుర్తుంది. కక్ష ఉన్నా క్షమించేదాన్నేమో. ఆ మరపుని మాత్రం ఆయన చావు తరువాత కూడా క్షమించలేదు.

నిన్న ఆయన ఇంటి నుంచి ట్రంకు పెట్టె ఆఫీసుకి చేరింది. శిక్షణ సామాను కాబట్టి నాకిచ్చారు. గొడుగుంది. ప్లాస్కుంది. అడుగున తెల్ల కవర్లో సంచి, చీటీతో సహా. దాని కింద మా ఊరి పాత డైరీల కట్ట.

నేనేం చేయబోతున్నానో చెబుతాను. చీటీ విప్పి, వెనక వైపు సారు పేరు రాశాను. పండుగ తేదీలున్న ఒక డైరీకి దాన్ని కట్టాను. వచ్చే వారం గుమ్మలక్ష్మీపురంలో నా క్లాసుంది. ఆ పేజీ తెరిచి, పేరు చదివి, ఊళ్ళ పండుగలు తెలుసుకోకుండా డైరీలు రాసిన మనిషి ఇతనేనని చూపిస్తాను. తరువాత ఇంకో మండలం. ఆయన తిప్పినన్ని ఊళ్ళూ తిప్పుతాను.

సంచి ఇవాళ పొద్దున్న ఇంటికి తెచ్చాను. బయట వాన పడుతోంది. అమ్మ కవరు చింపి, సంచి తిరగేసి, తను కుట్టిన కుట్టు తడిమి చూసింది. సారు పోయాడని చెప్పాను. "పోనీ," అంది. తరువాత నా చేతిలో డైరీనీ, చీటీనీ చూసింది. అమ్మకి చదవడం రాదు. ఏమిటని అడిగితే చెప్పాను.

"ఆ తేదీలు ఎవులు సెప్పారో, అది కూడా సెప్తావా అక్కడ?"

అమ్మ సంచి ఒక మూలని రెండో మూలలోకి దోపింది, తల మీద వేసుకుంది, గడప దిగి నడివీధిలో తోట వైపు నడిచింది. నాకు నోరు ఊరుకోలేదు. పదేళ్ళ అలవాటు.

"అమ్మా, ఆ సంచితో తోటలోకి వెళ్ళకూడదు. రూలు."

"రాసుకో," అంది, వెనక్కి తిరక్కుండానే.

చీటీ మీద ఆయన పేరు కింద ఇంకో పేరుకి చోటుంది. నా పేరు రాశాను. గుమ్మలక్ష్మీపురంలో రెండూ చదువుతాను. డైరీ పైకెత్తి పట్టుకునే చదువుతాను, వెనక వాళ్ళకీ కనబడేలా, రెండు చేతులతో.